అమ్మేసిన ఫండ్లు, షేర్లు గ్నూక్యాష్‌లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, ఎలా సరిచేయాలి?

నాగావళి ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఇక్కడి పేపర్ మిల్లులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఆయన పెట్టుబడుల లెక్కలన్నీ నేనే గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాస్తుంటాను, విండోస్ లాప్‌టాప్, 5వ వరస వెర్షన్. తమ్ముడి ఇంటి పని మొదలైందని నాన్నగారు ఉన్నవాటిలో చాలా భాగం అమ్మేశారు. డబ్బంతా బ్యాంకులో పడింది, పాస్‌బుక్‌లో కూడా సరిగ్గా ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అమ్మినవన్నీ ఇంకా మన దగ్గరే ఉన్నట్టు చూపిస్తోంది.

ఒక్కోటి ఒక్కో రకంగా ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను. ఒక ఈక్విటీ ఫండ్ 2025 మార్చి 28న మొత్తం రిడీమ్ చేశారు, అది పాత యూనిట్లన్నిటితో అలాగే ఉంది, పైగా కొత్త ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ ధర) దిగుమతి చేసినప్పుడల్లా విలువ మారుతూ ఉంది. నాల్కో షేర్లు ఎప్పుడో కొన్నవి 100, అవి కూడా అమ్మేశారు, వాటికి మైనస్ 300 అని వస్తోంది. హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ 50 షేర్లు కదలకుండా ఒకే ధర దగ్గర ఆగిపోయి ఉన్నాయి. నెలనెలా ఎస్‌ఐపీ కట్టిన ఇంకో ఫండ్ మొత్తం తీసేశాక కూడా 0.29 యూనిట్లు మిగిలాయంటోంది. ఇవి కాక సున్నా యూనిట్లు ఉన్నా పేర్లు మాత్రం జాబితాలో నుంచి పోనివి కొన్ని.

మొత్తం ఆస్తి ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపిస్తోంది. నాన్నగారికి స్క్రీన్ చూపిస్తే ఇంకా అమ్ముడుపోలేదేమో, డబ్బు వెనక్కి అడుగుతారేమో అని టెన్షన్ పడుతున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

బరంపురం బాబు (బరంపురం)

అమ్మేసిన వాటితో ఇంకేం పని అండీ. ఆ ఖాతా మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ కొట్టండి, పోతుంది. నేను అయితే అదే చేస్తాను.

గజపతి మాస్టారు (పర్లాకిమిడి)

అమ్మా, దయచేసి డిలీట్ జోలికి వెళ్లకు. ఖాతా తీసేయబోతే గ్నూక్యాష్ ఒక ప్రశ్న అడుగుతుంది, ఇందులోని లావాదేవీలను వేరే ఖాతాకు మార్చమంటావా లేక అన్నీ తీసేయమంటావా అని. తీసేయమన్నావంటే ఆ లావాదేవీలో రెండో పక్క ఉన్న బ్యాంకు పద్దు కూడా పోతుంది. అప్పుడు నాన్నగారు ఫండ్ కొన్నప్పుడు బ్యాంకు నుంచి వెళ్లిన డబ్బు వెళ్లనట్టు అయిపోయి, బ్యాంకు నిల్వ పాస్‌బుక్‌తో కలవదు. ఉన్న చిక్కు ఒకటైతే దాన్ని రెండు చేసుకున్నట్టు.

బాబూ, నీ సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కాకపోతే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే జంట పద్దు సాఫ్ట్‌వేర్‌లో అది కుదరదు. అదీగాక రేపు ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నది ఆ ఖాతాలోనే ఉంటుంది.

ముందు నువ్వు చూడాల్సింది మూడు వేర్వేరు సంగతులు. యూనిట్లు మిగిలాయా, యూనిట్లు లేకుండా విలువ మిగిలిందా, రెండూ లేకుండా పేరు మాత్రమే మిగిలిందా. నీ మాటల్లోనే మూడూ కలిసిపోయి ఉన్నాయి. విడదీస్తే ప్రతిదానికీ మందు వేరే ఉంటుంది. మొదట ఆ పెద్ద ఫండ్ ఖాతా రిజిస్టర్ తెరిచి, చివరి పద్దు ఏమిటో చూసి చెప్పు. మార్చి 28 నాటి అమ్మకం అందులో ఉందా?

నాగావళి ఒడ్డు (రాయగడ)

మాస్టారు, చూశాను. ఫండ్ ఖాతాలో చివరి పద్దు కొనుగోలే. అమ్మకం లేదు. కానీ బ్యాంకు ఖాతాలో డబ్బు వచ్చిన పద్దు ఉంది, ఏప్రిల్ మొదటి వారం తారీఖుతో. దానికి ఎదురుగా ఇంబాలెన్స్-ఐఎన్‌ఆర్ అని ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీగా దింపి ఇంపోర్ట్ చేస్తుంటాను, అందులో వచ్చింది.

గజపతి మాస్టారు (పర్లాకిమిడి)

దొరికింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు తెలిసింది ఒక్కటే, ఇంత డబ్బు జమ అయ్యింది అని. ఆ డబ్బు ఏ ఫండ్ అమ్మితే వచ్చింది, ఎన్ని యూనిట్లు పోయాయి అన్నది బ్యాంకుకు తెలియదు. కాబట్టి ఇంపోర్ట్ అయినప్పుడు సాఫ్ట్‌వేర్ దానికి ఎదురు ఖాతా దొరక్క ఇంబాలెన్స్‌లో పెట్టేసింది. ఫండ్ యూనిట్లను ఎవరూ తగ్గించలేదు కనుక అవి అలాగే ఉన్నాయి. అందుకే అదే సొమ్ము రెండుచోట్ల కనిపిస్తోంది, ఒకచోట ఫండ్‌గా, ఒకచోట బ్యాంకులో డబ్బుగా. చాలామందికి జరిగేది ఇదే.

కొత్త పద్దు రాయకు, డబ్బు రెండుసార్లు జమ అవుతుంది. ఉన్న పద్దునే తెరువు. ఇంబాలెన్స్ అని ఉన్నచోట ఫండ్ ఖాతాను ఎంచు. తర్వాత అదే పద్దు నుంచి ఫండ్ రిజిస్టర్‌లోకి వెళ్లి షేర్స్ గడిలో ఎన్ని యూనిట్లు అమ్మారో మైనస్ గుర్తుతో వేయి, ధర గడిలో రిడీమ్ అయిన రోజు ఎన్‌ఏవీ. యూనిట్లు, ధర, మొత్తం మూడూ రిజిస్ట్రార్ (ఫండ్ల రికార్డులు రాసే సంస్థ) పంపిన స్టేట్‌మెంట్‌లో ఉన్నవే వేయి, నువ్వు లెక్కకట్టినవి వద్దు. ఎగ్జిట్ లోడ్ (త్వరగా తీసినందుకు కోత) పడి ఉంటే, ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) పోయి ఉంటే వాటికి ఖర్చు ఖాతాలో విడిగా లైను పెట్టు. అప్పుడు బ్యాంకులో పడిన మొత్తంతో పైసా సహా సరిపోతుంది.

రెడ్‌మడ్ (దామన్‌జోడి)

నాల్కో సంగతి నేను చెబుతాను, మా కాలనీలో ఇది అందరికీ తెలిసిన విషయమే. 2011 మార్చిలో కంపెనీ రెండు పనులు ఒకేసారి చేసింది. పది రూపాయల ముఖవిలువ షేరును ఐదు రూపాయల షేర్లు రెండుగా చీల్చింది, దాని మీద ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. అంటే అంతకు ముందు 100 షేర్లు ఉన్నవాళ్లకు చీల్చాక 200, బోనస్‌తో 400. నాన్నగారు అమ్మింది 400 అయి ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది 100, అందుకే మైనస్ 300. డీమ్యాట్ స్టేట్‌మెంట్ చూసి సరిపోయిందో లేదో చెప్పండి.

సరిచేయడానికి ఆ షేరు ఖాతా తెరిచి యాక్షన్స్ మెనూలో స్టాక్ స్ప్లిట్ ఎంచండి. అందులో అడిగేది కొత్తగా ఎన్ని షేర్లు చేరాయని, మొత్తం ఎన్ని అయ్యాయని కాదు, కాబట్టి 300 వేయాలి, 400 కాదు. తారీఖు మాత్రం 2011దే వేయండి. ఇవాళ్టి తారీఖు వేస్తే చివరి నిల్వ సున్నా అవుతుంది కానీ అమ్మిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఖాతా మైనస్‌లో నడుస్తుంది, పాత సంవత్సరాల రిపోర్టు తీస్తే ఆస్తి తప్పుగా వస్తుంది.

ఇలా మైనస్ కనబడిన ప్రతి షేరుకూ మొదట అనుమానించాల్సింది బోనస్సో, చీలికో. రిలయన్స్ 2024 అక్టోబరులో ఒకటికి ఒకటి ఇచ్చింది, అది రాయకుండా అమ్మకం రాసినవాళ్లకూ ఇలాగే మైనస్ వస్తుంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

అన్నా, సరిగ్గా అదే. స్టేట్‌మెంట్‌లో 400 అమ్మినట్టు ఉంది. 300 వేశాను, ఖాతా సున్నాకు వచ్చింది. చాలా థాంక్స్. ఇది మా నాన్నగారికి కూడా గుర్తులేదు, అప్పట్లో కాగితం షేర్లు ఉండేవట, తర్వాత డీమ్యాట్ చేయించారట.

మాస్టారు చెప్పినట్టు పెద్ద ఫండ్ కూడా సరిచేశాను. యూనిట్లు పోయాయి.

బరంపురం బాబు (బరంపురం)

డిలీట్ సంగతి అర్థమైంది మాస్టారు. నా సందేహం ఒకటి ఇక్కడే అడుగుతాను, విషయం ఒకటే కదా. నాది కంప్యూటర్ కాదు, ఫోన్‌లో ఒక యాప్. క్యామ్స్ (ఫండ్ల రిజిస్ట్రార్) సైటు నుంచి ఉమ్మడి స్టేట్‌మెంట్ తెప్పించుకుని ఆ పీడీఎఫ్‌ను యాప్‌లో ఎక్కిస్తాను. మొత్తం అమ్మేసిన రెండు ఫండ్లు మాత్రం ఎన్నిసార్లు కొత్త స్టేట్‌మెంట్ ఎక్కించినా పోవడం లేదు. సగం అమ్మినవి మాత్రం సరిగ్గా తగ్గాయి. ఇదేం విచిత్రం?

గుణుపురం కుర్రాడు (ప్రస్తుతం బెంగళూరు)

బాబు అన్నా, మీరు స్టేట్‌మెంట్ అడిగేటప్పుడు సున్నా నిల్వ ఉన్న ఫోలియోలు (ఫండ్ ఖాతాలు) కావాలా వద్దా అని ఒక ఎంపిక ఉంటుంది. వద్దు అని పెట్టి ఉంటే, మొత్తం అమ్మేసిన ఫండ్ ఆ పీడీఎఫ్‌లోనే ఉండదు. దాని పేరూ ఉండదు, అమ్మకం లైనూ ఉండదు. యాప్ మాత్రం ఏం చేస్తుంది, ఉన్నదాన్ని చదువుతుంది, లేనిదాన్ని ముట్టుకోదు. పాత నిల్వ పాతగానే ఉండిపోతుంది. సగం అమ్మిన ఫండ్‌కు ఇంకా నిల్వ ఉంది కాబట్టి అది స్టేట్‌మెంట్‌లోకి వచ్చింది, తగ్గింది.

మళ్లీ తెప్పించండి. డీటెయిల్డ్ అని పెట్టండి, సమ్మరీ కాదు, ఎందుకంటే సమ్మరీలో నిల్వలే ఉంటాయి, లావాదేవీలు ఉండవు. సున్నా నిల్వ ఫోలియోలతో సహా అని పెట్టండి. కాలం కూడా మొదటి కొనుగోలు నుంచి ఇవాళ్టి దాకా వచ్చేలా పెట్టండి. అది ఎక్కిస్తే అమ్మకం లైను యాప్‌కు కనబడుతుంది.

బరంపురం బాబు (బరంపురం)

తమ్ముడూ, నువ్వు దేవుడివి. పోయాయి రెండూ. సగం అమ్మినవి సరిపోయి మొత్తం అమ్మినవి సరిపోకపోవడమే నన్ను తికమక పెట్టింది, అసలు ఆ ఎంపిక వైపు ఎవరైనా ఎందుకు చూస్తారు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఇంకో ప్రశ్న. పెద్ద ఫండ్ ఖాతాలో ఇప్పుడు సున్నా యూనిట్లు, విలువ కూడా సున్నానే. కానీ బ్యాలన్స్ షీట్ రిపోర్టు తీస్తే అన్‌రియలైజ్డ్ గెయిన్స్ అని ఒక పెద్ద మొత్తం వస్తోంది. అమ్మేసి లాభం చేతికొచ్చాక ఇంకా చేతికి రాని లాభం అని ఎందుకు చూపిస్తోంది?

జయపురం లెక్కలు (జయపురం)

ఇది మాస్టారు చెప్పిన రెండో రకం, యూనిట్లు లేవు, విలువ మిగిలింది. నేను ఇక్కడ రిటర్నులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, చదవండి.

ఉదాహరణకు ఫండ్‌ను లక్ష రూపాయలకు కొన్నారు, లక్షా అరవై వేలకు అమ్మారు అనుకుందాం. కొన్నప్పుడు బ్యాంకు నుంచి లక్ష ఫండ్‌లోకి వెళ్లింది. అమ్మినప్పుడు ఫండ్ నుంచి లక్షా అరవై వేలు బ్యాంకులోకి వచ్చింది. యూనిట్ల లెక్కన ఖాతా సున్నా. రూపాయల లెక్కన చూస్తే లోపలికి వెళ్లింది లక్ష, బయటికి వచ్చింది లక్షా అరవై, అంటే మైనస్ అరవై వేలు. ఈ అరవై వేలు ఎక్కడి నుంచి వచ్చాయో మీరు చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇది లాభం అని రాయదు. అందుకే బ్యాలన్స్ షీట్ కుదరడానికి దాన్ని అన్‌రియలైజ్డ్ అనే లైనులో పెడుతోంది.

మీరు చేయాల్సింది ఆ అమ్మకం పద్దులోనే ఇంకో రెండు లైన్లు కలపడం. ఒకటి మళ్లీ అదే ఫండ్ ఖాతా, షేర్లు 0, ధర 0, కొనుగోలు గడిలో 60,000. దానికి ఎదురుగా ఆదాయం కింద దీర్ఘకాలిక మూలధన లాభం అని ఒక ఖాతా తెరిచి అందులో 60,000. అంతే. ఫండ్ ఖాతా యూనిట్లలోనూ రూపాయల్లోనూ సున్నా అవుతుంది, ఆ లైను బ్యాలన్స్ షీట్ నుంచి పోతుంది, లాభం ఆదాయంలో కనబడుతుంది. నష్టానికి అమ్మితే ఇదే తిరగేసి. 5.0 నుంచి, అంటే 2023 నుంచి, స్టాక్ అసిస్టెంట్ అని ఒకటి వచ్చింది, అది అమ్మకం అడుగడుగునా అడిగి ఈ లైన్లు తానే వేస్తుంది. ఇక ముందు అమ్మకాలకు అది వాడండి.

ఇప్పుడు అసలు సంగతి, తారీఖు. మీరు రిడీమ్ చేసింది మార్చి 28, బ్యాంకులో పడింది ఏప్రిల్. ఈక్విటీ ఫండ్లకు అమ్మాక రెండో పనిదినానికి డబ్బు వస్తుంది, మధ్యలో శని ఆదివారాలు, మార్చి 31న రంజాన్ సెలవు, ఏప్రిల్ 1న బ్యాంకుల ముగింపు లెక్కల సెలవు పడ్డాయి. మీరు ఇంపోర్ట్ అయిన బ్యాంకు పద్దునే దిద్దారు కాబట్టి అమ్మకం ఇప్పుడు ఏప్రిల్ తారీఖుతో ఉంది. అంటే మార్చి 31 నాటికి రిపోర్టు తీస్తే ఆ ఫండ్ ఇంకా ఉన్నట్టే వస్తుంది, లాభం కూడా తర్వాతి ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది. పన్నుకు లెక్క అమ్మిన రోజే, డబ్బు పడిన రోజు కాదు. ఇది 2024-25 లాభమే.

గజపతి మాస్టారు (పర్లాకిమిడి)

జయపురం వారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం, ఆ తారీఖు మాట నేను చెప్పాల్సింది. అమ్మా, దాన్ని ఇలా చెయ్యి. ఆస్తుల కింద రావలసిన సొమ్ము అని చిన్న ఖాతా ఒకటి తెరువు. మార్చి 28 తారీఖుతో ఫండ్ నుంచి రావలసిన సొమ్ముకు అమ్మకం, లాభం లైన్లతో సహా. ఏప్రిల్‌లో బ్యాంకులో పడిన పద్దుకు ఎదురుగా ఫండ్ తీసేసి రావలసిన సొమ్ము పెట్టు. అప్పుడు ఏ రోజుకు రిపోర్టు తీసినా సరిగ్గా వస్తుంది. షేర్లకు ఇంత దూరం ఉండదు, 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ మరుసటి పనిదినానికే సెటిల్‌మెంట్, అయినా మార్చి చివరి రోజుల్లో అమ్మితే వాటికీ ఇదే పద్ధతి.

నాగావళి ఒడ్డు (రాయగడ)

రెండూ చేశాను. బ్యాలన్స్ షీట్ శుభ్రంగా వచ్చింది, మార్చి 31 నాటిది, ఇవాళ్టిది రెండూ. ఇంతకాలం ఆ లైను ఏమిటో అర్థంకాక వదిలేస్తూ వచ్చాను, ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. జయపురం గారూ, నాల్కోకు కూడా ఇలాగే లాభం లైను వేయాలా? ఆయన ఎంతకు కొన్నారో కాగితం ఉంది.

జయపురం లెక్కలు (జయపురం)

వేయాలి, మీ పుస్తకంలో కొన్న అసలు ధర ప్రకారమే వేయండి. కాకపోతే ఒక మాట గుర్తుంచుకోండి, పుస్తకంలో వచ్చిన లాభం, పన్నుకు చూపే లాభం ఒకటే కానక్కర్లేదు. 2018 జనవరి 31 నాటికి కొన్న షేర్లకు ఆ రోజు మార్కెట్‌లో పలికిన అత్యధిక ధరను ఖరీదుగా తీసుకునే వెసులుబాటు ఉంది, అమ్మిన ధరకు మించకుండా. బోనస్‌గా వచ్చిన షేర్లకు అసలు ఖరీదు సున్నా అయినా, అవి కూడా ఆ తారీఖుకు ముందే వచ్చినవి కనుక వాటికీ ఇది వర్తిస్తుంది. నాన్నగారి 400 షేర్లకూ ఇది చాలా తేడా తెస్తుంది. 2024 జులై 23 నుంచి అమ్మినవైతే దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి లక్షా ఇరవై ఐదు వేలు దాటినదాని మీద పన్నెండున్నర శాతం.

అందుకే డిలీట్ చేయవద్దు అని మాస్టారు గట్టిగా చెప్పింది. కొన్న తారీఖు చెరిగిపోతే ఈ వెసులుబాటు నిరూపించుకోవడానికి పాత కాగితాలు వెతుక్కోవాలి, మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇబ్బంది అదే. అమ్మకం మాత్రం ఆదాయపు పన్ను వాళ్ల ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక)లో తప్పకుండా ఉంటుంది, కొనుగోలు ధర చాలాసార్లు ఉండదు. అమ్మిన రుజువు వాళ్ల దగ్గర, కొన్న రుజువు మన దగ్గర.

రెడ్‌మడ్ (దామన్‌జోడి)

హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ ఎవరూ ముట్టుకోలేదు. ధర ఒకేచోట ఆగిపోవడానికి కారణం ఆ షేరే ఇప్పుడు లేదు. 2023 జులై 1న అది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయింది. 25 లిమిటెడ్ షేర్లకు 42 బ్యాంకు షేర్లు ఇచ్చారు. 50 ఉంటే 84 వచ్చి ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో బ్యాంకు షేర్లు ఉన్నాయా?

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఉన్నాయన్నా, మైనస్ 84! 2024 డిసెంబరులో అమ్మినవి. పాత పేరు కింద 50, కొత్త పేరు కింద మైనస్ 84. రెండింటికీ సంబంధం ఉందని ఇప్పుడే తెలిసింది.

రెడ్‌మడ్ (దామన్‌జోడి)

అయితే సులువే. 2023 జులై తారీఖుతో ఒక్క పద్దు రాయండి. పాత ఖాతాలో మైనస్ 50 షేర్లు, విలువ మీరు మొదట కొన్న మొత్తం ఖరీదు. కొత్త ఖాతాలో ప్లస్ 84 షేర్లు, విలువ అదే మొత్తం. బ్యాంకు ఖాతాకు సంబంధమే లేదు, ఎవరూ డబ్బు ఇవ్వలేదు తీసుకోలేదు. అప్పటి మార్కెట్ ధర వేయకండి, వేస్తే లేని లాభం ఒకటి పుడుతుంది. ఖరీదు, కొన్న తారీఖు రెండూ పాతవే కొత్త షేర్లకు వర్తిస్తాయి, అందుకని వివరణ గడిలో అసలు కొన్న తారీఖు రాసిపెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. గ్నూక్యాష్ ప్రతి పద్దులోని ధరనూ తన ధరల పట్టికలో దాచుకుంటుంది. ఈ పద్దు రాయగానే 2023 జులై తారీఖుతో మీ పాత ఖరీదును 84తో భాగిస్తే వచ్చే తక్కువ ధర ఒకటి బ్యాంకు షేరుకు పడుతుంది. టూల్స్‌లో ప్రైస్ డేటాబేస్ తెరిచి ఆ ఒక్క లైను తీసేయండి. లేకపోతే ఆ కాలపు గ్రాఫ్‌లో విలువ గోతిలో పడ్డట్టు కనబడుతుంది.

గుణుపురం కుర్రాడు (ప్రస్తుతం బెంగళూరు)

అక్కా, ఆ 0.29 యూనిట్లు. ఎస్‌ఐపీ పద్దులు ఎలా రాస్తున్నారు? ఐదు వేలు, ఆ రోజు ఎన్‌ఏవీ వేస్తే యూనిట్లు సాఫ్ట్‌వేరే లెక్కకడుతుంది కదా, అలాగేనా?

నాగావళి ఒడ్డు (రాయగడ)

అవును తమ్ముడూ, అలాగే. షెడ్యూల్ పెట్టాను, 5,000 ప్రతినెలా పడుతుంది, ఎన్‌ఏవీ తర్వాత నింపుతాను.

గుణుపురం కుర్రాడు (ప్రస్తుతం బెంగళూరు)

2020 జులై 1 నుంచి ఫండ్ కొనుగోళ్ల మీద 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది. 5,000కు 25 పైసలు. అంటే యూనిట్లు ఇచ్చేది 4,999.75కే. ఎన్‌ఏవీ 50 అనుకోండి, సాఫ్ట్‌వేర్ 5,000ను భాగించి 100 యూనిట్లు రాస్తుంది, ఫండ్ వాళ్లు ఇచ్చేది 99.995. తేడా 0.005. కంటికి ఆనదు. కానీ నెలనెలా పోగై, మొత్తం అమ్మిన రోజు ఫండ్ వాళ్ల దగ్గర సున్నా, మీ దగ్గర 0.29. తేడా ఎప్పుడూ మిగులు వైపే ఉంటుంది, అదే దీని గుర్తు.

తేడా అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం కారణం వేరు, సెక్యూరిటీ ఎడిటర్‌లో ఆ ఫండ్‌కు ఫ్రాక్షన్ ఎంతుందో చూడండి. మన ఫండ్ల యూనిట్లు మూడు దశాంశాల దాకా ఉంటాయి, అక్కడ కనీసం వెయ్యో వంతు ఉండాలి. ఒకటి అని ఉంటే యూనిట్లను పూర్తి అంకెలకు సర్దేస్తుంది.

గజపతి మాస్టారు (పర్లాకిమిడి)

దీనికి సరైన పద్ధతి ప్రతి నెల పద్దునూ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని యూనిట్లు దిద్దడమే. ఫండ్‌కు 4,999.75, స్టాంప్ డ్యూటీ ఖర్చుకు 0.25, బ్యాంకు నుంచి 5,000. మనం రాసే పుస్తకం స్టేట్‌మెంట్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, అదే నా పట్టుదల.

జయపురం లెక్కలు (జయపురం)

మాస్టారు, గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ ఫండ్ అయిపోయింది, పన్నుకు ఎలాగూ రిజిస్ట్రార్ ఇచ్చే క్యాపిటల్ గెయిన్ స్టేట్‌మెంట్ అంకెలే వేస్తాం, అది వాయిదాల వారీగా, ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్కగట్టి ఇస్తుంది. ఏళ్ల నాటి పద్దులన్నీ తెరిచి పావలా పావలా సరిచేయమనడం ఆ అమ్మాయికి అనవసర శ్రమ. అమ్మిన రోజు తారీఖుతో ఒకే సర్దుబాటు పద్దు, మైనస్ 0.29 యూనిట్లు, ఎదురుగా స్టాంప్ డ్యూటీ ఖర్చు, విలువ పావలాల మొత్తం. వివరణలో కారణం రాసుకుంటే చాలు. ఇంకా నడుస్తున్న ఎస్‌ఐపీలకు మాత్రం మీరు చెప్పినట్టే ఇవాళ్టి నుంచి రాయాలి, అందులో రెండో మాట లేదు.

గజపతి మాస్టారు (పర్లాకిమిడి)

అయిపోయిన ఫండ్‌కు ఒప్పుకుంటాను. కానీ కారణం తెలిశాకే సర్దుబాటు, తెలియకుండా కాదు. మొదటి రోజే మిగిలిన ఫండ్ యూనిట్లకు ఒక సర్దుబాటు పద్దు కొట్టి ఉంటే ఇంబాలెన్స్‌లో అంత డబ్బు పడి ఉన్నట్టు ఎప్పటికీ బయటపడేది కాదు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఆ ఫండ్‌కు జయపురం గారు చెప్పినట్టు ఒకే పద్దు వేశాను, నడుస్తున్న రెండు ఎస్‌ఐపీల షెడ్యూల్‌ను మాస్టారు చెప్పినట్టు మార్చాను. హెచ్‌డీఎఫ్‌సీ కూడా సరిపోయింది, ధరల పట్టికలో ఆ లైను తీసేశాను. ఇక మిగిలింది సున్నాతో కనబడే పేర్లు.

గుణుపురం కుర్రాడు (ప్రస్తుతం బెంగళూరు)

అవి తప్పు కాదక్కా, చూపించమని సెట్టింగ్ ఉంది కాబట్టి చూపిస్తోంది. ఖాతాల పేజీలో ఉండగా వ్యూ మెనూలో ఫిల్టర్ బై, అందులో అదర్ ట్యాబ్. సున్నా నిల్వ ఖాతాలు చూపించు అన్నదానికి టిక్ తీసేయండి. అలా చేస్తే నిల్వ లేని ఖర్చు ఖాతాలు కూడా మాయమవుతాయి, అది నచ్చకపోతే అమ్మేసిన ఒక్కో ఖాతా ఎడిట్‌లోకి వెళ్లి హిడెన్ అని టిక్ పెట్టండి. చరిత్ర మొత్తం ఉంటుంది, కంటికి మాత్రం కనబడదు. నేనైతే పాత పెట్టుబడులు అని ఒక తల్లి ఖాతా పెట్టి అన్నీ దాని కిందకి జరిపి హిడెన్ చేస్తాను.

ఇన్వెస్ట్‌మెంట్ పోర్ట్‌ఫోలియో రిపోర్టుకు విడిగా చూడాలి, దాని ఆప్షన్స్‌లో షేర్లు లేని ఖాతాలను కూడా కలుపు అని ఒకటి ఉంటుంది, టిక్ తీయండి. అక్కడే తారీఖు కూడా చూడండి. రిపోర్టును ఒకసారి పాత తారీఖుతో సేవ్ చేసి ఉంటే ఎప్పుడు తెరిచినా ఆ రోజు ఉన్నవే చూపిస్తుంది, ఎన్ని అమ్మినా సరే.

జయపురం లెక్కలు (జయపురం)

అడ్వాన్స్‌డ్ పోర్ట్‌ఫోలియో రిపోర్టులో మాత్రం ఆ టిక్ ఉంచండి. అందులో అమ్మేసిన వాటి లాభం వేరే గడిలో వస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు ఒక్క చూపులో అన్నీ కనబడతాయి. లెక్క పద్ధతి ఫిఫో (ముందు కొన్నవి ముందు అమ్మినట్టు) అని పెట్టుకోండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)

టిక్కులు తీశాను. రిపోర్టు తారీఖు కూడా నిజంగానే పాతది ఉంది, ఇవాళ్టికి మార్చాను. ఇప్పుడు జాబితాలో ఉన్నవి నాన్నగారి దగ్గర నిజంగా ఉన్నవే, మొత్తం కూడా పాస్‌బుక్, డీమ్యాట్, ఫండ్ స్టేట్‌మెంట్ కలిపితే వచ్చే అంకెతో సరిపోయింది. పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించాను, నాల్కో బోనస్ సంగతి వినగానే అప్పటి ఉత్తరం ఎక్కడో దాచానని బీరువా వెతకడం మొదలుపెట్టారు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇంబాలెన్స్-ఐఎన్‌ఆర్‌లో ఇంకా చిన్నచిన్న మొత్తాలు కొన్ని ఉన్నాయి. అవి కూడా ఇలాంటివేనా?

గజపతి మాస్టారు (పర్లాకిమిడి)

చాలావరకు డివిడెండ్లు అయి ఉంటాయి తల్లీ. బ్యాంకు పద్దు వివరణలో కంపెనీ పేరు ఉంటుంది, చూసి ఒక్కోటి డివిడెండ్ ఆదాయం ఖాతాకు మార్చు. టీడీఎస్ కోసి ఇచ్చిన వాటికి కోసిన మొత్తాన్ని వేరే లైనులో వేయి, రిటర్న్‌లో తిరిగి అడగొచ్చు. వివరణ బట్టి తెలియనిది ఏదైనా మిగిలితే మొత్తం, తారీఖు ఇక్కడ పెట్టు, చూద్దాం.